ఆ గొంతు నాదే

మా ఓకోతాల్‌లో కోడి కూతకు లేవని బద్ధకస్తులు కూడా అనయెలి మైకులో గొంతు సవరించుకుంటే లేచి కూర్చుంటారు. కొండ మీది ఊరు మాది. పొగమంచు దిగిందంటే ఎదురింటి తలుపు కనబడదు, పక్కనుంచి పోతున్న మనిషి ఎవరో తెలియదు. అలాంటి చోట కళ్ళను నమ్ముకుంటే లాభం లేదు, చెవులనే నమ్ముకోవాలి. మా చెవుల్లో ఏళ్ళ తరబడి ఉన్నది అనయెలి గొంతే.

వాళ్ళింటి కప్పు మీద నాలుగు దిక్కులకీ నాలుగు బూరలున్నాయి. వాళ్ళ నాన్న దోన్ క్రెసెన్సియో పెట్టించాడు. పెద్ద మగాళ్ళను దోన్ అనీ, ఆడవాళ్ళను దోన్యా అనీ పిలవడం మా మర్యాద. ఎవరింట్లో ఏం అమ్ముతున్నా, ఎవరి గొడ్డు తప్పిపోయినా, ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆ ఇంటికెళ్ళి చెబితే చాలు, ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆయన పోయాక, మీసం కూడా లేని పిల్ల మైకు పట్టుకుంటే ఊరి పరువేం కావాలని కొందరు పెద్దమనుషులు నసిగారు. మీసం లేని పిల్ల అన్నది వాళ్ళ మాటే, నాది కాదు. ఏడాది తిరిగేసరికి ఆ పెద్దమనుషులే తమ పందులు తప్పిపోయినప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడ్డారు.

ఎందుకంటే అనయెలి ఊరికే చదివి వదిలేసే రకం కాదు. “దోన్ సెవేరో గారి మచ్చల పంది తప్పిపోయింది. దొరికినోళ్ళు కట్టేసి కబురు చెయ్యండి. కూరొండుకోవద్దు” అనేది. ఆ చివరి ముక్క ఆమె సొంతం. ఆదివారం పొద్దున నా రాగి కాగులో పంది మాంసం దాని కొవ్వులోనే వేగుతుంటే, “దోన్యా రెమెదియోస్ ఇంట్లో కార్నీతాస్ తయారు. తోలు కరకరలాడతా ఉంది. ఆలస్యంగా వచ్చినోళ్ళకి ఎముకలే” అనేది. ఏ కబురైనా రెండుసార్లు చెప్పడం ఆమె పద్ధతి. మొదటిసారి చెవిలో పడుతుంది, రెండోసారి బుర్రలో పడుతుంది అనేది.

ఆమె నాకు కొమాద్రె. అంటే నా చిన్నదాని జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడింది. మాలో ఆ చుట్టరికం తోడబుట్టినదానికంటే గట్టిది. నా మొగుడు ఫిదెన్సియో ఆమెకు కొంపాద్రె. పండగైనా పబ్బమైనా మా రెండిళ్ళకీ ఒకే పొయ్యి.

అనయెలి భర్త కాఫీ గింజల లారీతో లోయలో పడి చనిపోయాడు. చాలా ఏళ్ళు ఒంటరిగానే ఉంది. తర్వాత రుతీలియో వచ్చాడు. ఊరికీ జిల్లా పట్నానికీ మధ్య వ్యాను నడిపేవాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు, మాటలు మాత్రం తేనెలో ముంచి తీసినట్టుండేవి. వాళ్ళిద్దరి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టలేదు. “పెళ్ళి కబురు నువ్వే మైకులో చెప్పుకోవాలే, పాపం!” అని నేనే ఏడిపించేదాన్ని. అయితే రుతీలియోకు ఆ మైకు నచ్చలేదు. నా పెళ్ళాం గొంతు ఊళ్ళో మగాళ్ళందరి పక్కలోకీ ఎందుకు పోవాలన్నాడు. అనయెలి అతని సామాను సంచిలో సర్ది గుమ్మం బయట పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సంతలో కుర్రవెధవలు ఆమె కనబడగానే గొంతు సాగదీసి “అందరికీ శుభోదయం” అనడం మొదలుపెట్టారు. మొదట మాకు అర్థం కాలేదు. మైకు గదికి ఫోను చేసి ఏదో కబురు చెప్పబోతూ కిసుక్కున నవ్వి పెట్టేసేవారు. బడి పంతులమ్మ నొయేమి ఒకరోజు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మా వ్యాను దారిలో ఉన్న ఊళ్ళ మగాళ్ళంతా కలిసి ఫోన్లలో ఒక గుంపు పెట్టుకున్నారట. దానికి ‘కొండపూలు’ అని పేరు. అందులో తమకు తెలిసిన ఆడవాళ్ళ ఫోటోలు, వీడియోలు ఒకరికొకరు పంచుకుంటారట. ఊరికే చేరనివ్వరట. పెళ్ళికి చదివింపులు చదివించినట్టు కొత్తగా చేరేవాడు ఏదో ఒక ఆడదాని బొమ్మ పట్టుకుని రావాలట. తన ఫోటో కూడా అందులో ఉందని నొయేమి చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

అనయెలి వీడియో కూడా అందులోనే ఉంది. గది చీకటిగా ఉంది, ముఖాలు కనబడవు. గొంతు మాత్రం ఉంది. ఆమె నవ్వు, రుతీలియోను పిలిచే ముద్దు పేరు, రెండు మూడు మాటలు. వేరే ఊరి ఆడదైతే ఎవరికీ తెలిసేది కాదు. మా ఊళ్ళో ఆ గొంతు గుర్తుపట్టడానికి ఒక్క మాట చాలు.

అనయెలి మైకు కట్టేసింది.

మొదటి ఆదివారం నా కార్నీతాస్ సగం మిగిలిపోయాయి. తయారైనట్టు ఎవరికీ తెలియలేదు మరి. నీళ్ళ వంతు ఎవరిదో తెలియక కింది వీధి వాళ్ళు బిందెలతో కొట్టుకున్నారు. దోన్ సెవేరో పంది మళ్ళీ తప్పిపోయింది, ఈసారి ఎవరో నిజంగానే వండుకున్నారని నా అనుమానం. ఊరికి నోరు పడిపోయినట్టయింది. ఊరి ప్రెసిడెంటు దోన్ అబుందియో ఆ ఇంటికెళ్ళి, ఎందుకమ్మా నీకీ తిప్పలు, ఆ మైకు సెట్టు ఊరికి ఇచ్చెయ్, పట్నం నుంచి ఒక మగగొంతు రికార్డు చేయించి తెప్పిస్తాను, పనీ జరుగుతుంది, నువ్వూ మరుగున ఉంటావు అన్నాడు. మంచిగానే అన్నాననుకున్నాడు ముసలాడు. ఆలోచించుకుని చెబుతానంది.

నేనూ మంచిగానే చెప్పాను. వంటింట్లో కూర్చుని ఆమె మొక్కజొన్నలు వలుస్తోంది. ఆమె మనిషి సగమైంది.

“ముఖం లేదు గదా కొమాద్రె. నాది కాదని చెప్పెయ్. ఎవడు కాదంటాడు?”

“ఊరంతా అంటది. నా గొంతుతో లేవనోడు ఎవడున్నాడే ఈ ఊళ్ళో?”

“అనుకోనీ. లోపల్లోపల అనుకుంటారు, పైకి అనలేరు గదా. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు. మన ఇళ్ళల్లో మగాళ్ళు అట్టాంటోళ్ళు కాదులే, మా ఆయన్ని చూడు, ఫోనులో డబ్బులెయ్యడం కూడా రాదు.”

ఆమె గింజలు వలుస్తూనే ఉంది. ఇంకో కంకి చేతిలోకి తీసుకుని అంది.

“నా గొంతు నాది కాదని చెప్పి, మళ్ళా అదే గొంతుతో పంది తప్పిపోయిందని ఎట్టా చెప్పను కొమాద్రె? ఒక్కసారి కాదన్నాక ఇంక నేను మైకులో ఏం మాట్టాడినా అబద్ధమే అయిద్ది.”

నేనూ ఒక కంకి తీసుకుని వలవడం మొదలుపెట్టాను.

అలాంటి రోజుల్లో రుతీలియో తల్లి దోన్యా హసీంతా పోయింది. మంచి మనిషి. కొడుకు ఎలాంటివాడైనా ఆమె వేరు. అనయెలి భర్త పోయిన ఏడాది రోజూ ఒక చెంబు వేడి వేడి జావ తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టి, తాగేదాకా కదలని మనిషి. చావు కబురు మైకులో చెప్పకపోతే మా ఊళ్ళో మనిషి పోయినట్టే కాదు. ఎవరూ పంచదార, కాఫీ, కొవ్వొత్తులు పట్టుకుని రారు. గుంట తవ్వడానికి మనుషులుండరు. ఆ కబురు పెద్దకొడుకే స్వయంగా వచ్చి అడగాలి. అది మాకు తరతరాల ఆనవాయితీ.

వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గుమ్మంలో నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, నేలకేసి చూస్తూ “మా అమ్మ పోయింది” అన్నాడు.

“పోతే నువ్వే కొండెక్కి అరుచుకో. నీ నోరు పెద్దదే గదా, ఊరూరా వినపడిద్ది” అన్నాను నేను. ఆ మాటకు నేను ఇప్పటికీ బాధపడను.

అనయెలి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అతనివైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. లెక్క అడిగే చూపు కూడా కాదది. కబురు తీసుకునే మనిషి చూపు.

“ఎప్పుడు పోయింది?”

“తెల్లారగట్ల.”

“బాధపడిందా?”

“లేదు. నిద్దర్లోనే.”

“జపమాల ఎవరు చెప్తారు?”

“దోన్యా యూఫేమియాని అడిగా.”

“సరే, ఎల్లు. చెప్తా.”

అతను వెళ్ళాక మైకు మీద దుమ్ము పమిట చెంగుతో తుడిచింది. మా పమిట అంటే భుజాన వేసుకునే రెబోసోలే. మీట నొక్కింది. అన్ని రోజుల తర్వాత ఊరి మీద ఆ గొంతు వినబడేసరికి కుక్కలు కూడా మొరగడం ఆపాయి. నేనైతే ఏడ్చాను.

“అందరికీ శుభోదయం. మన దోన్యా హసీంతా ఇవాళ తెల్లారగట్ల నిద్దర్లోనే పోయారు. ఈ ఊళ్ళో ఆవిడ చేతి జావ తాగనోళ్ళు లేరు. కొడుకు రుతీలియో ఇంట్లో ఆవిడ్ని చూడొచ్చు. పంచదార, కాఫీ, కొవ్వొత్తులు తీసకరండి. గుంట తవ్వే చేతులు కావాలి. ఏడుపొస్తే ఏడవండి, ఆవిడ కోప్పడదు.” ఎప్పటిలాగే రెండోసారి కూడా చెప్పింది.

తొమ్మిది రోజుల జపమాల మా ఆచారం. తొమ్మిది రోజులూ ఆమె పొద్దున్నే మైకులో సాయంత్రం ప్రార్థన గుర్తు చేసింది. తనూ వెళ్ళింది, వెనక వరసలో కూర్చుంది, అందరితో కలిసి ప్రార్థనకు జవాబు చెప్పింది. ఊరివాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. అనయెలి మనసు పెద్దది, క్షమించేసింది, గొడవ సద్దుమణిగింది అన్నారు. రుతీలియో కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. ఎనిమిదో రోజు నాటికి తల ఎత్తి నడిచాడు, ఆఖరి రోజున నేల మీద సున్నంతో గీసిన శిలువ పొడిని సమాధికి తీసుకెళ్ళడానికి ఎత్తేటప్పుడు ఆమె చేతికి రొట్టె, కాఫీ అందించాడు. ఆమె తీసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“వాడి చేతి కాఫీ ఎట్టా దిగిందే నీకు?” అన్నాను దారిలో.

“వాడిది కాదు, హసీంతాది. ఆమె కాఫీ నేను ఎప్పుడు వద్దన్నా?” అంది. కాసేపు నడిచి, “ఆమె తొమ్మిది రోజులు ఆమెకి ఇచ్చేశా. ఇంక బాకీ లేదు” అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు ఆదివారం, సంత. కింది ఊళ్ళ జనం కూడా ఉన్నారు. నేను చెక్క మీద మాంసం కొడుతున్నాను. బూరలు గరగరమన్నాయి. నా కార్నీతాస్ గురించే అనుకుని, వచ్చిన బేరగాళ్ళకేసి గర్వంగా చూశాను.

“అందరికీ శుభోదయం. నేను అనయెలి. ఇది అమ్మకం కబురు కాదు, నా కబురు. మీ ఫోన్లలో ఒక వీడియో తిరగతా ఉంది. అందులో ముఖం లేదు, గొంతుంది. ఆ గొంతు నాదే. పొద్దున్నే మిమ్మల్ని లేపే గొంతే. నాకు తెలీకుండా తీసినోడు రుతీలియో. పంచినోడు రుతీలియో. అందులో నేను నవ్వా. ఇష్టమైన మనిషి దగ్గిర నవ్వా. దానికి నేను సిగ్గుపడను. సిగ్గుపడాల్సినోళ్ళు సంతలోనే ఉన్నారు, వాళ్ళకి తెలుసు. దీనికిప్పుడు చట్టం ఉంది. రేపు పొద్దున పట్నం పోయి ఫిర్యాదు చేస్తన్నా. ఆ గుంపులో బొమ్మలున్న ఆడోళ్ళు ఎవరన్నా ఉంటే నాతో రండి. నేను ఎవరి పేరూ చెప్పను. ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి.”

ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి, ఒక్క మాట మార్చకుండా రెండోసారి చెప్పింది.

నేను చాలా సంతలు చూశాను. అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు. రెండోసారి చెప్పడం పూర్తయ్యేలోపు చుట్టూ ఉన్న మగాళ్ళు ఒక్కొక్కరే ఫోను బయటికి తీశారు. చెప్పులు కుట్టేవాడు, కాఫీ గింజలు కొనేవాడు, కొవ్వొత్తులమ్మే భక్తుడు. అందరి బొటనవేళ్ళూ గబగబా కదులుతున్నాయి. కలుగులో నీళ్ళు పోస్తే ఎలకలు ఎలా దూకుతాయో అలా ఆ గుంపులోంచి బయటికి దూకుతున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే మా ఆయన కొట్టు వెనకనుంచి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఫోను నాకు చూపిస్తూ గొణిగాడు.

“రెమే... ఇందులోంచి బయటికి ఎట్టా రావాలే?”

ఫోను సంగతులన్నీ నన్నే అడగడం అలవాటు. అలవాటు కొద్దీ అడిగేశాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏం అడిగాడో అతనికే తెలియలేదు.

కొవ్వు చేత్తోనే ఫోను లాక్కున్నాను. ‘కొండపూలు’ అని ఉంది, పైన పువ్వు బొమ్మ. నన్ను మా ఊళ్ళో నోటి దురుసు మనిషంటారు. అప్పుడు నా నోటికి ఒకే ఒక్క మాట వచ్చింది.

“ఏం చదివించి చేరావ్?”

అతను ఫోను కోసం చెయ్యి చాపాడు.

“అడిగేది నిన్నే. ఊరికే చేరనివ్వరంట గదా. ఎవరి బొమ్మ ఇచ్చావ్?”

“రుతీలియో ఒకటే పోరు పెట్టాడే. వ్యానులో అందరి ముందూ... ఎట్టా పెట్టాలో కూడా వాడే చూపించాడు. నీదే ఇచ్చా. నీళ్ళు పోసుకునేప్పటిది. వీపొక్కటే. ముఖం లేదు గదే!”

కత్తి నా చేతిలోనే ఉంది. దాన్ని చెక్క మీద పెట్టాను. పెట్టకపోతే ఏం జరిగేదో నాకు తెలుసు. ఫోను గౌను జేబులో వేసుకుని, మాంసాన్ని ఈగలకు వదిలేసి, అనయెలి ఇంటికి నడిచాను. దారిలో మనుషులు పలకరించారో లేదో గుర్తులేదు. ఎవరికి తెలుసు, ఎవరు చూశారు, నా దగ్గర మాంసం కొని చిల్లర తీసుకుంటూ నవ్వినవాళ్ళలో ఎంతమంది నా వీపు చూసినవాళ్ళు అనే ఆలోచన తప్ప ఇంకేం లేదు.

ఆ ఇంటి ముందు ముసలి యూఫేమియా ఒక్కతే నిలబడి ఉంది, మొక్కజొన్న పిండి కుడుముల బుట్ట చంకన పెట్టుకుని. లోపలికి కేకేస్తోంది. “ఏమే పిల్లా, నీ కబురు అయిందా? అయితే నాది చెప్పు. తమాలెలు వేడిగా ఉన్నయ్, పచ్చిమిరపకాయలయీ, తియ్యటియీ కూడా. సంత అయిపోకముందే చెప్పవే!” మైకు గదిలో అనయెలి రెండు చేతులూ బల్లకేసి నొక్కిపెట్టి కూర్చుంది. యూఫేమియా మాట విని ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. మీట నొక్కి తమాలెల సంగతి చెప్పింది, రెండుసార్లూ. ప్రెసిడెంటు మగగొంతు గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఫోను ఆమె ముందు పెట్టాను. చెప్పాను. చెప్పేటప్పుడు “ముఖం లేదన్నాడు” అన్నాను. ఆ మాట నా చెవికే ఎలా వినబడిందో! రెండు మూడు వారాల కిందట అదే ఇంటి వంటింట్లో అదే మాట ఆమెతో అన్నది నేనే. ఆమెకు గుర్తుండకుండా ఉంటుందా? గుర్తు చేయలేదు. నా మొహాన కొట్టే హక్కుండీ కొట్టలేదు. అందుకే ఆ మనిషికి నేను దణ్ణం పెడతాను, మైకులో మాట్లాడినందుకు కాదు.

నా భుజం మీద చెయ్యి వేసి, ఫోనుకేసి చూసి అడిగింది.

“కొంపాద్రె ఇందులోయి ఏమన్నా చెరిపేశాడా?”

“చెరపడం వస్తే నన్నెందుకు అడుగుతాడే, ఆ సన్నాసి?”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఊళ్ళో మగాళ్ళంతా చకచకా చెరిపేసుకుంటే, నా మొగుడి చేతకానితనం మాత్రం మొత్తం భద్రంగా ఉంచింది. ఎవడు ఏది ఎప్పుడు పంపాడో అన్నీ ఉన్నాయి. ఆమె వీడియో పంపినవాడి పేరు కూడా ఉంది. ఫిదెన్సియో అమాయకంగా ‘రుతీలియో వ్యాను’ అని రాసిపెట్టుకున్న నంబరది. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి నేను ఏడుపులోకి జారిపోయాను. ఆమె కాఫీ పెట్టింది.

సాయంత్రం ఫిదెన్సియో గుమ్మం దగ్గరికి వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, అచ్చులో బావుండవు. నా తిట్లు అయ్యేదాకా ఆగి అనయెలి అంది.

“కొంపాద్రె, ఇటు చూడు. నా మొహం చూడు.”

వాడు అతి కష్టం మీద తలెత్తాడు.

“నువ్వు చూశావ్ గదా. చూసినోడివే వచ్చి చెప్పాలి.”

“నన్ను లోపలేస్తారేమో...”

“ఏస్తే ఏస్తారు. అది నువ్వూ కొమాద్రే తేల్చుకోండి. రేపు మాత్రం బండి నువ్వే తోలాలి. రుతీలియో వ్యానులో ఎట్టాగూ పోలేం గదా.”

మర్నాడు పొద్దున్నే పందుల్ని తోలే మా ట్రక్కును సబ్బు పెట్టి కడిగాను. ఎంత కడిగినా వాసన పోలేదు. ఎవరూ రారనుకున్నాం. నొయేమి పంతులమ్మ వచ్చింది, స్కూలుకు వేసుకునే మంచి కోటు వేసుకుని. యూఫేమియా కోడలు వచ్చింది. కింది ఊరినుంచి నాకు పేర్లు కూడా తెలియని ఇద్దరు వచ్చారు, మైకు అంతదూరం వినబడిందట.

“పంతులమ్మా, పందుల వాసన. ఏమనుకోబాక” అన్నాను.

“పర్లేదు దోన్యా రెమే. ఆ గుంపులో పందులకన్నా ఇయ్యే నయం” అంది నొయేమి, కోటు ఎత్తిపట్టుకుని ఎక్కుతూ. ఆమె అలాంటి మాట అనగలదని నాకు అప్పటిదాకా తెలియదు. వెనక ఆడవాళ్ళం, ముందు స్టీరింగు దగ్గర నా మొగుడు. మలుపు మలుపుకీ ఒకరి మీద ఒకరం పడుతూ దిగాం. ఫిదెన్సియో ఆ బండిని అంత జాగ్రత్తగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు.

పట్నంలో ఫిర్యాదులు తీసుకునే గదిలో ఒక చిన్న వయసు ఆవిడ కూర్చుని ఉంది, మర్యాదస్థురాలు. అనయెలిని అడగాల్సిందే అడిగింది, వీడియోలో మీ ముఖం లేదు, మీరేనని ఎలా చెబుతారు అని. అనయెలి చెప్పింది. వీడియో పెట్టి విన్నారు. బయటికి వెళ్తారా అని ఆవిడ అడిగితే అక్కర్లేదంది. తన నవ్వు తనే వింటూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. తర్వాత ఫిదెన్సియో చెప్పాడు, నత్తినత్తిగా, చెమటలు కక్కుతూ. ఫోను అక్కడే ఉంచుకున్నారు. కేసు సంగతి అడగకండి, ఇంకా నడుస్తోంది, మా చర్చి కట్టుబడిలాగా నిదానంగా. రుతీలియో వ్యాను మాత్రం ఎవరూ ఎక్కడం లేదు. ఫిదెన్సియోను బయటి వరండాలో కూర్చోమన్నారు. ఇంకెవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగింది.

ఆ ప్రశ్న నాకు తెలుసు. ఆ ప్రశ్న కోసమే వచ్చాను. లేచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. సంతలో ఈ చివర నిలబడి ఆ చివరి బేరగాడిని తిట్టే మనిషిని. నోరు తెరిస్తే గాలి తప్ప ఏం రాలేదు. చెప్పండమ్మా అని ఆవిడ ఓపిగ్గా చూస్తోంది. వరండాలో బెంచీ మీద నా మొగుడి మోకాళ్ళు కనబడుతున్నాయి. ఇరవైమూడేళ్ళ కాపురం. చెబితే ఏం మిగులుతుంది? చెప్పకపోతే నా దగ్గర మాంసం కొనేవాళ్ళ కళ్ళలోకి ఏ మొహంతో చూస్తాను?

అనయెలి కుర్చీ నా పక్కకు జరుపుకుంది.

“ముందు పేరు చెప్పు కొమాద్రె” అంది మెల్లగా. “నేను మైకు పట్టుకున్న మొదటిరోజు నాకూ ఇట్టాగే అయింది. పేరొక్కటి చెప్పెయ్, తక్కింది దాని ఎనకమాలే వచ్చిద్ది.”

“నా పేరు రెమెదియోస్ తాపియా” అన్నాను. “మాది ఓకోతాల్. కార్నీతాస్ అమ్ముతా. నేను నీళ్ళు పోసుకుంటంటే నాకు తెలీకుండా నా మొగుడు ఫోటో తీశాడు. గుంపులో పెట్టాడు. ఆ వీపు నాదే.”

ఒకసారి మొదలయ్యాక ఆగుతుందా? సంత గొంతే వచ్చేసింది. ఆ గొంతుకు అద్దాలు కూడా అదిరి ఉంటాయి. రాసుకుంటున్న ఆవిడ కలం ఎత్తింది.

“కొంచెం మెల్లగా చెప్పండమ్మా. బయట వరండాలోకి వినపడతా ఉంది.”

“వినపడనీ” అన్నాను. మళ్ళీ పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టాను.